గట్టు మీద రొట్టె

మే ఇరవై ఆరో తేదీ ఉదయం గట్టు కింద ఇసుకలో గుడ్డు ఒకటి పగిలి కనిపించింది. తెల్లటి గుడ్డు, పింగాణీలా మెరుస్తోంది. సొన చుట్టూ చీమలు అప్పటికే బారులు కట్టాయి. బుర్హాన్ దాని పక్కన గొంతుకు కూర్చున్నాడు. మెడలో వేలాడుతున్న బైనాక్యులర్ మోకాలికి కొట్టుకుంది. అది అతని భార్య సబోహత్‌ది.

అతను తల ఎత్తాడు. రెండు నిలువుల ఎత్తున, మట్టిగట్టులో, పిడికిలి దూరేంత బొరియ ఉంది. అది పాలపిట్టల గూడు. ఆ ఊళ్ళో వాటిని నీలికాకులంటారు. ఏటా మే మొదటి వారంలో ఎక్కణ్ణుంచో ఎగిరొచ్చి, సిర్ దర్యా నది ఒడ్డున ఉన్న పార్కులో, ఆ బొరియలోనే గుడ్లు పెడతాయి. పంతొమ్మిదేళ్ళ తేదీలు సబోహత్ రాసిపెట్టింది. ఇప్పుడు ఆ బొరియ అంచున గోరింక కూర్చుని ఉంది. ముక్కున గడ్డిపోచ. అటూ ఇటూ చూసి, అద్దెకు దిగినవాడు సామాను మోసుకుపోయినట్టు దాన్ని లోపలికి పట్టుకుపోయింది.

పాలపిట్ట జాడ లేదు.

బుర్హాన్ గడియారం చూసుకున్నాడు. నోటుబుక్కు తీసి "ఏడూ ఇరవై" అని రాశాడు. తర్వాత ఏం రాయాలో తెలియలేదు. అతను లెక్కల మాస్టారు. ముప్ఫై నాలుగేళ్ళు సబోహత్ జీవశాస్త్రం చెప్పిన బడిలోనే లెక్కలు చెప్పాడు. పిట్టల సంగతి ఆమెదీ, అంకెల సంగతి తనదీ అన్నట్టు ఇద్దరూ బతికారు. ఏప్రిల్ తొమ్మిదిన ఆమె పోయింది. పోవడానికి వారం ముందు, మంచం మీంచే అడిగింది.

"ఈ ఏడు మీరు చూడండి. పిట్టలు తెలియకపోతే ఏం, గడియారం తెలుసుగా. ఎప్పుడొచ్చాయి, ఎప్పుడెళ్ళాయి, అదే రాయండి. జూలై పదిహేనుకి వోసిత్‌కి కాగితం ఇవ్వండి. మర్చిపోతే వాడు గట్టంతా రాయి పరిచేస్తాడు."

వోసిత్ పార్కు అధికారి. ఒకప్పుడు వాళ్ళిద్దరి దగ్గరా చదువుకున్నవాడే. ఏటి కోతకు పార్కు కొట్టుకుపోకుండా ఏటా జూలైలో కొంత మేర గట్టుకు రాయి పరిపిస్తాడు. సబోహత్ వాడితో పోట్లాడి ఒక ఒప్పందం చేసుకుంది. పాలపిట్ట పిల్లలు ఎగిరిన ఏడాది ఆ ముక్క జోలికి ఎవరూ రాకూడదు. పిల్లలు ఎగరని ఏడాది గట్టు వోసిత్ ఇష్టం. ఇన్నేళ్ళలో వోసిత్‌కి ఆ అవకాశం రాలేదు.

గట్టు పైకి ఎక్కి చూశాడు బుర్హాన్. అంచు మీద గడ్డిలో తడి రొట్టె ముక్కలు ఉన్నాయి. నిన్న పెట్టినవి. వాటి మధ్య తొమ్మిది గోరింకలు తిరుగుతున్నాయి. అతన్ని చూసి అవి ఎగరలేదు. పక్కకు జరిగాయంతే. ఆ రొట్టె పెట్టినవాడు అతనే కాబట్టి వాటికి అతనంటే భయం పోయింది.

సబోహత్ పోయిన నలభయ్యో రోజు భోజనాలకు వచ్చినవాళ్ళందరూ చంకలో రెండేసి రొట్టెలు పెట్టుకుని వచ్చారు. అందరూ తిని వెళ్ళాక అరవై పైచిలుకు మిగిలాయి. రొట్టెను పారేయడం అక్కడ ఎవరి చేతా కాని పని. నేల మీద ముక్క పడితే తీసి, ముద్దుపెట్టుకుని, ఎత్తయిన చోట పెట్టాలని నడక రాని పిల్లలకు కూడా నేర్పుతారు. ఎత్తున పెట్టిన రొట్టె పిట్టలు తింటాయి. పోయినవాళ్ళ పేరున పెడితే ఆ పుణ్యం వాళ్ళకు చేరుతుంది. బుర్హాన్ ఆలోచించి, సబోహత్‌కి ఇష్టమైన చోటు కంటే మంచి ఎత్తు ఏముంటుందనుకున్నాడు. రోజూ ఉదయం మూడు ఎండు రొట్టెలు ఏటి నీళ్ళలో తడిపి, సరిగ్గా బొరియకు పైన అంచు మీద పెట్టాడు. ఆరు రోజులు పెట్టాడు. పాలపిట్టలు వచ్చి తింటాయనే అనుకున్నాడు.

గట్టుకు కాస్త ఎగువన, మల్బరీ చెట్ల కింద ఘైబుల్లో చాయ్‌ఖానా ఉంది. బుర్హాన్ వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. పండి రాలిన మల్బరీలతో అరుగంతా జిగురుగా ఉంది. డెబ్భై ఏళ్ళ ఘైబుల్లో చెప్పకుండానే టీ కుండ తెచ్చి పెట్టాడు. ఆ ఊళ్ళో మాస్టారును ముఅల్లిం అనీ, పెద్దవాణ్ణి అకా అనీ పిలుస్తారు.

"ఏం ముఅల్లిం, మొహం అలా ఉంది? లెక్క తప్పిందా?"

"గోరింకలు ఎక్కువయ్యాయి, ఘైబుల్లో అకా."

"అవ్వవా మరి. ఎవడో బుద్ధిలేనివాడు గట్టు మీద రోజూ రొట్టె పెడుతున్నాడు. నానబెట్టి మరీ. పళ్ళూడిన మామగారికి పెట్టినట్టు."

బుర్హాన్ గిన్నెలో టీ పోసుకున్నాడు.

"పాలపిట్ట రొట్టె తినదా?" అని అడిగాడు.

ఘైబుల్లో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ముప్ఫై ఏళ్ళు ఆవిడతో ఒకే కంచంలో తిని ఈ మాట నన్నడుగుతున్నారా? అది పెంకుపురుగుల్నీ మిడతల్నీ తింటుంది. రొట్టె ముట్టదు. ఇదంతా నాకెలా తెలుసనుకున్నారు? మీ ఆవిడ తిట్టగా తెలిసింది. ఏడేళ్ళ కిందట మిగిలిన రొట్టెలు నేనూ ఆ గట్టు మీదే పెట్టేవాణ్ణి. వచ్చి నా ఎదురుగా నిలబడి, 'రొట్టె పెట్టడం పుణ్యమే అకా, అక్కడ పెట్టడం పాపం' అంది. రొట్టెకి గోరింక వస్తుంది, వచ్చింది తిని ఊరుకోదు, అక్కడే ఇల్లు చూసుకుంటుంది అంది. నాకు ఒళ్ళు మండి నెల్లాళ్ళు ఆవిడ టీలో పంచదార వెయ్యలేదు. ఆవిడ అసలు పంచదారే వేసుకోదని తర్వాత తెలిసింది."

నవ్వడానికి అతను నోరు తెరిచి, బుర్హాన్ మొహం చూసి మూసేశాడు. "ఆవిడే ఉంటే ఆ పెట్టేవాడి చెవి పట్టుకుని బడి దాకా ఈడ్చుకుపోయేది."

"అవును" అన్నాడు బుర్హాన్. తనే పెట్టానని అనడానికి నాలుగే మాటలు చాలు. అవి నోట్లోనే ఉండిపోయాయి. టీ సగం వదిలేసి లేచాడు.

మర్నాటి నుంచి రొట్టె మానేశాడు. మిగిలినవి ఇంటి పెరట్లో గోడ మీద పెట్టాడు. గోరింకలు రెండు మూడు రోజుల్లో విసిగిపోయి వెళ్ళిపోతాయని లెక్క వేసుకున్నాడు. తెల్లారగానే గట్టుకు ఎదురుగా, ఇసుక తిన్నె మీద మడత కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఏటి మీద వానకోయిలలు నీటిని రాసుకుంటూ తిరిగేవి. ఎక్కడో పొదల్లో కూకుడుగువ్వ మూడేసి సార్లు పలికేది. పోప్లార్ చెట్ల దూది గాలిలో తేలి వచ్చి టోపీ మీద వాలేది. అతను వీటన్నిటినీ చూస్తూనే ఉన్నాడు, కానీ చూపు మాత్రం బొరియను విడిచేది కాదు. పాలపిట్టల జంట దూరాన కరెంటు తీగ మీద కనపడేది. మగది ఒకటి రెండు సార్లు గట్టు మీదికి దూకి, కర్ణకఠోరంగా అరిచి, గోరింకలు ఆరేడు కలిసి తరిమితే వెనక్కి పోయేది. ఆడది తీగ మీంచి కదలేది కాదు.

ఇరవై తొమ్మిదో తేదీన గోరింకలు పదిహేడు ఉన్నాయి.

బుర్హాన్ రెండోసారి లెక్కపెట్టాడు. పదిహేడే. గట్టు పైకి ఎక్కితే అంచు పొడుగునా రొట్టెలు ఉన్నాయి. నానబెట్టినవి కావు. నాలుగు ముక్కలుగా విరిచి, బోర్లించకుండా, రొట్టె మీద అచ్చుకొట్టిన పువ్వుల గుర్తు పైకి కనపడేలా శ్రద్ధగా పేర్చినవి. పన్నెండు రొట్టెలుంటాయి.

మర్నాడు ఇంకా ముందే వచ్చాడు. సూర్యుడు ఏటి అవతలి కొండ దాటక ముందే గట్టు మీద నలుగురు ఆడవాళ్ళు కనిపించారు. ముందు నడుస్తున్నది ఖోసియత్. సబోహత్‌కి సొంత అక్క. బుర్హాన్ కూడా ఆమెను సబోహత్ లాగే అపా అని పిలుస్తాడు. అరవై ఆరేళ్ళ మనిషి, ఊళ్ళో పెళ్ళి పందిట్లోనైనా చావింట్లోనైనా ఆమె మాట వినకుండా పొయ్యి వెలగదు.

"రా, బుర్హాన్‌జాన్" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు చెప్పావు కదా, మా చెల్లికి ఇష్టమైన చోట రొట్టె పెడుతున్నానని. ఆ మాట నేను వీధిలో చెప్పాను. అందరూ ఏడ్చారు. మగవాడు ఇంత ఆలోచించాడే అన్నారు. ఇప్పుడు రోజుకో ఇంటివాళ్ళు వంతు పెట్టుకున్నాం. ఏడాది తిరిగే దాకా ఈ చోటు ఖాళీ ఉండదు."

"అపా" అన్నాడు బుర్హాన్.

"ఏంటి?"

వెనకున్న ముగ్గురు ఆడవాళ్ళూ చేతులు మొహం మీద ఆనించి ప్రార్థన చేస్తున్నారు. వాళ్ళలో ఒకామె కొడుకు సబోహత్ చెప్పిన చదువుతో డాక్టరయ్యాడు. ఇంకొకామె ఆస్పత్రిలో ఆమె పక్కన మూడు రోజులు కూర్చుంది. వాళ్ళకు ఈ రొట్టె తప్పు అని ఏ నోటితో చెప్పడం? మొదట పెట్టింది తనైతే.

"ఏం లేదు" అన్నాడు.

ఆడవాళ్ళు వెళ్ళిపోయాక అతను ఇంటికి పోయి పిండి సంచి ఒకటి తెచ్చాడు. ఒక్కో ముక్క తీసి, ముద్దుపెట్టుకుని, సంచిలో వేసుకున్నాడు. పిట్టల కోసం పెట్టిన రొట్టెను వెనక్కి తీయడం తన పుట్టుకలో చేయలేదు.  ఆ సంచిని అరకోసు మోసుకుపోయి, పార్కు అవతలి కొసన పాత మిల్లు గోడ మీద పేర్చి వచ్చాడు. ఇలా తొమ్మిది రోజులు చేశాడు. ఎంత ముందు వచ్చినా గోరింకలు తనకంటే ముందే తిని ఉండేవి. బొరియలోకి గడ్డి వెళ్తూనే ఉంది. నోటుబుక్కులో అతను పాలపిట్ట బొరియలోకి వెళ్ళిన సమయాలు రాసే గడిలో రోజూ సున్నా వేశాడు.

జూన్ ఏడో తేదీ సాయంత్రం ఘైబుల్లో అతన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ముఅల్లిం, ఒక మాట. ఊళ్ళో ఏదో అనుకుంటున్నారు. మీరు చనిపోయినావిడ రొట్టెలు సంచిలో పట్టుకుపోయి గొర్రెకు వేస్తున్నారట."

"నాకు గొర్రె లేదు."

"నేనూ అదే అన్నాను. అయితే ఎవరి గొర్రెకి అని అడిగారు."

బుర్హాన్ లేవబోతే ఘైబుల్లో చేయి పట్టుకుని ఆపాడు.

"నేను మిమ్మల్ని ఏమీ అడగను. కానీ రేపు ఖోసియత్ వస్తుంది. ఆవిడ అడుగుతుంది. సిద్ధంగా ఉండండి."

ఆమె వచ్చింది. ఎనిమిదో తేదీ ఉదయం, ఒక్కతే. బుర్హాన్ అప్పుడే సంచి మూతి కడుతున్నాడు. ఆమె మెట్లు ఎక్కిన ఆయాసంతో కాసేపు నడుము మీద చేయి వేసుకుని నిలబడి, తర్వాత సంచి వైపు వేలు చూపించింది.

"విప్పు."

అతను విప్పాడు.

"నేను వాళ్ళతో ప్రమాణం చేసి చెప్పాను, మా మరిది అలాంటివాడు కాడని. నా మొహం మీద ఉమ్మేశావు కదయ్యా. మా చెల్లెలు నీకు ఇంత బరువైపోయిందా?"

"కాదు అపా."

"మరి ఎక్కడికి పట్టుకుపోతున్నావు?"

"మిల్లు గోడ మీదకి. పిట్టలకే."

"ఇక్కడున్నవి పిట్టలు కావా?"

బుర్హాన్ ఆమెను కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. బైనాక్యులర్ ఆమె చేతికిచ్చి, తీగ వైపు తిప్పాడు. ఆమె చాలాసేపు ఏమీ కనపడటం లేదని విసుక్కుని, ఒక్కసారి మెదలకుండా అయిపోయింది. తీగ మీద ఆడది రెక్క విదిలించింది. ఎండలో ఆ నీలం వెలిగి ఆరిపోయింది.

"అదే మీ చెల్లెలు చూసే పిట్ట" అన్నాడు అతను. "దాని ఇల్లు ఆ బొరియ. రొట్టెకు గోరింకలు వచ్చాయి. వచ్చి దాని ఇల్లు లాక్కున్నాయి. గుడ్డు కింద పడేశాయి. పిల్లలు ఎగరకపోతే జూలైలో వోసిత్ ఇక్కడ రాయి పరిపిస్తాడు. మళ్ళీ బొరియ ఉండదు. ఇది సబోహత్‌కి తెలుసు. నాకు తెలియదు. మొదట రొట్టె పెట్టింది నేను."

 ఖోసియత్ బైనాక్యులర్ దించలేదు.

"అంటే మేం పెట్టిన రొట్టె పాపమా?"

"రొట్టె పాపం కాదు. చోటు తప్పు. ఆ చోటు నేను చూపించాను."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

ఆమె బైనాక్యులర్ ఒళ్ళో పెట్టుకుని, తలగుడ్డ కొసతో దాని అద్దం తుడిచింది. తుడవడం వల్ల అద్దం ఇంకా మసకబారింది.

"ఇది నువ్వు చెబితే ఎవరూ వినరు" అంది చివరికి. "రొట్టె ఎగ్గొట్టడానికి కథ చెబుతున్నావంటారు. నేను చెప్పినా వినరు. మరిదిని వెనకేసుకొస్తోందంటారు. అది చెబితేనే వింటారు."

"ఎవరు?"

"మా చెల్లెలు. రాత్రి నా కలలోకి వచ్చింది. అపా, అక్కడి నుంచి రొట్టె నాకు అందడం లేదు, ఏటి గాలి కొట్టుకుపోతోంది, మిల్లు గోడ మీద పెట్టించు అంది."

బుర్హాన్ ఆమె వైపు చూశాడు. "నిజంగా వచ్చిందా?"

"నువ్వు నోరు మూసుకుని ఉంటే వచ్చినట్టే. లెక్కల మాస్టారు కదా అని అందరూ నిన్నే అడుగుతారు. నిజమేనా ముఅల్లిం అని. అప్పుడేం చెబుతావు?"

"అబద్ధం చెప్పలేను."

"చెప్పమన్నానా? తల వంచుకో. భార్య పోయిన మగవాడు తల వంచుకుంటే దేనికైనా సరిపోతుంది."

మరుసటి రోజు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి నిజమేనా అని అడిగారు. అతను తల వంచుకున్నాడు. ఒకామె ఏడ్చింది. ఆ సాయంత్రానికల్లా మిల్లు గోడ మీద తెల్లటి గుడ్డ పరిచి, వంతు ప్రకారం రొట్టెలు పేర్చారు. గోరింకలు రెండు రోజులు గట్టు మీద అటూ ఇటూ నడిచి వెతికాయి. పదకొండున ఆరు మిగిలాయి. పన్నెండున రెండు. ఆ రెండే బొరియలో ఉన్నవి.

పన్నెండో తేదీ పొద్దున పాలపిట్టలు రెండూ కలిసి దిగాయి. బుర్హాన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నీలం ముద్ద ఒకటి పైనుంచి రాయిలా పడి, బొరియ ముందు గోరింకను గుద్దింది. ఈకలు రేగాయి. అరుపులకు చాయ్‌ఖానాలో ఉన్నవాళ్ళు కూడా తలలు తిప్పారు. గోరింక ఇసుక మీద పడి లేచి, మళ్ళీ పైకి పోయింది, మళ్ళీ పడింది. ఇరవై ఆరు నిమిషాలు సాగింది. చివర్న ఆడ పాలపిట్ట బొరియలోకి దూరి, గడ్డిపోచలు ఒక్కొక్కటీ బయటికి ఈడ్చి పారేసింది. అతను ఆ గడిలో సున్నా కొట్టేసి ఒకటి వేశాడు. 

కానీ కొత్త గుడ్లు పెట్టాలి. పొదగాలి. పిల్లలు రెక్కలు తెచ్చుకోవాలి. సబోహత్ పాత పుస్తకాలు తిరగేసి అతను రోజులు కూడాడు. పొదగడానికి పద్దెనిమిది, ఎగరడానికి ఇరవై ఆరు. ఎలా కూడినా జూలై చివరి వారమే తేలింది. పదిహేనో తేదీకి ఏమీ తేలదు.

ఆ తర్వాతి రోజులు అతను నిమిషాల్లో బతికాడు. మగది ముక్కున పెంకుపురుగుతో వచ్చి వెళ్ళిన ప్రతిసారీ రాశాడు. జూలై మొదటి తేదీ నుంచి రెండూ మోయడం మొదలుపెట్టాయి. పిల్లలు పుట్టాయన్నమాట. పన్నెండు నిమిషాలకోసారి, పద్నాలుగు నిమిషాలకోసారి, ఎండ ముదిరితే ఇరవై. ఒక మధ్యాహ్నం గంటా నలభై నిమిషాలు ఏదీ రాలేదు. ఎండ ఏటి నీటి మీద గాజు పరిచినట్టు ఉంది. గట్టు వెనక పొదల్లో పిల్లి ఒకటి కదిలినట్టనిపించి అతను మూడుసార్లు చుట్టూ తిరిగి వచ్చాడు. పిల్లి లేదు. ఏటి పాము ఒకటి నీటిలోంచి తల ఎత్తి చూసి మునిగిపోయింది. మూడున్నరకు మగది వచ్చింది, ముక్కున మిడతతో. బుర్హాన్ కుర్చీలో వెనక్కి వాలి, చొక్కా వీపుకు అతుక్కుపోయిందని అప్పుడు గమనించాడు.

పదిహేనో తేదీన వోసిత్ కార్యాలయానికి కాగితం పట్టుకుని వెళ్ళాడు. నలభై ఏళ్ళ వోసిత్ లేచి, రెండు చేతులతో అతని చేయి పట్టుకుని, సబోహత్ కోసం ప్రార్థన చేసి, కూర్చున్నాక కాగితం చదివాడు.

"ఇందులో ఎగిరాయని లేదే, ముఅల్లిం."

"ఇంకా ఎగరలేదు. పది రోజులు కావాలి."

"ముఠా దిగింది. రాయి దిగింది. మా సబోహత్ ముఅల్లిమా ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు."

"ఆవిడ తప్పు కాదు. నా వల్ల ఆలస్యమైంది." అతను రొట్టె సంగతి మొత్తం చెప్పాడు. కలను గురించి మాత్రం చెప్పలేదు.

వోసిత్ కలం తిప్పుతూ విన్నాడు. "పదో తరగతి పరీక్షలో నేను మిమ్మల్ని పది నిమిషాలడిగాను. గుర్తుందా?"

"ఉంది."

"ఏమన్నారు?"

"సమయం అందరికీ ఒకటే అన్నాను."

"కాగితం లాక్కున్నారు కూడా. చివరి లెక్క సగంలో ఉంది. ఇప్పటికీ కలలో ఆ లెక్క చేస్తుంటాను, రాదు." అతను కలం బల్ల మీద పెట్టాడు. "ముఠాను కింది కొసన మొదలుపెట్టమంటాను. మీ ముక్క దగ్గరికి రావడానికి పది రోజులు పడుతుంది. ఇరవై ఐదున నేనే వస్తాను. కళ్ళారా చూడాలి. మీకు కోడికీ కొంగకీ తేడా తెలియదని ముఅల్లిమానే చెప్పేది. ఒక్క పిల్లయినా ఎగరాలి. లేదంటే ఇరవై ఆరున రాయి పడుతుంది. ఇంక నన్ను అడగొద్దు."

కింది కొసన ట్రాక్టర్ చప్పుడు మొదలైంది. రోజురోజుకూ దగ్గరైంది. ఇరవై మూడున బొరియ నోట్లో తల ఒకటి కనిపించింది, మాసిన నీలం, పెద్ద ముక్కు. ఇరవై నాలుగున పెద్దవి తిండి తగ్గించాయి. పురుగు పట్టుకుని తీగ మీదే కూర్చుని పిల్లలను పిలిచాయి. పిల్ల బొరియ అంచు దాకా వచ్చి, కిందికి చూసి, వెనక్కి పోయింది. చీకటి పడే దాకా అదే పని.

ఇరవై ఐదున వోసిత్ ఎనిమిదికి వచ్చాడు. ఖోసియత్ అతనికంటే ముందే వచ్చి కూర్చుంది. ఘైబుల్లో టీ కుండ తెచ్చి ఇసుకలో పెట్టాడు. ట్రాక్టర్ వంద అడుగుల దూరంలో ఆగి ఉంది. దాన్ని నడిపేవాడు చక్రం మీద కూర్చుని గుమ్మడి గింజలు ఒలుచుకుంటున్నాడు.

తొమ్మిదైంది. పదైంది. పిల్ల అంచు మీదికి రావడం, పోవడం.

"మీ పిట్టకి కూడా చివరి లెక్క రావట్లేదు" అన్నాడు వోసిత్. 

పన్నెండు దాటాక అతను లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నాకు మీటింగు ఉంది, ముఅల్లిం."

"కూర్చో" అంది ఖోసియత్. "చిన్నప్పుడు మా చెల్లి క్లాసులో గంట కొట్టక ముందే లేచేవాడివి. ఇప్పుడూ అదే."

అతను కూర్చున్నాడు.

ఒంటి గంటా పది నిమిషాలకు ఆడది మిడతను నోట పట్టుకుని బొరియ ముందు నుంచి ఎగిరింది, దగ్గరగా, అందకుండా. పిల్ల దాని వెంట పడింది. పడటమే. రెక్కలు విచ్చుకోలేదు. ఖోసియత్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఇసుకకు మూరెడు ఎత్తులో రెక్కలు తెరుచుకున్నాయి. అది వంకరటింకరగా ఏటి మీదికి పోయి, నీటిని తాకినంత పని చేసి, తిరిగి వచ్చి పోప్లార్ కొమ్మ మీద తలకిందులుగా వేలాడి, చివరికి సరిగ్గా కూర్చుంది. రెండోది నాలుగింటికి ఎగిరింది. మూడోది ఉందేమోనని చూశారు. బొరియలోంచి మళ్ళీ ఏ తలా బయటికి రాలేదు.

వోసిత్ కాగితం మీద సంతకం పెట్టి ట్రాక్టర్ వైపు నడిచాడు. నడుస్తూ వెనక్కి తిరగకుండానే చేయి ఊపాడు.

అందరూ వెళ్ళాక బుర్హాన్ నోటుబుక్కు తెరిచి తేదీ వేశాడు. ఎగిరినవి రెండు అని రాశాడు. ఇంటికి వెళ్ళి, పోల్చి చూడటానికి సబోహత్ ఏటా రాసిన పాత పుస్తకాలు తీశాడు. ఆమె రాత కుదురుగా, ఆకుపచ్చ సిరాలో ఉంది. అప్పుడు రోజుల లెక్క కోసం ఈ గూడు పేజీలే తిరగేసిన అతనికి మిగతావి ఇప్పుడు కంటపడ్డాయి. ఆమె ఒక్క ఈ గూడే చూడలేదు. పడవ మీద అవతలి ఒడ్డుకు పోయి, రెల్లు పొదల వెనక ఉన్న పొడుగాటి గట్టు మీద మరో పదకొండు బొరియలు చూసేది. ఏటా ఏ బొరియలో ఏ పిట్టో, ఎన్ని పిల్లలో రాసేది.

ఆ పదకొండింటిని ఈ ఏడాది ఎవరూ చూడలేదు.